శనివారం పని క్లబ్: తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లల కోసం శనివారం మధ్యాహ్నాలు మేం నడిపే పని క్లబ్ గురించి ఫోన్లో, గేటు దగ్గర, పేరెంట్స్ మీటింగుల్లో వచ్చే ప్రశ్నలివి. తమ స్కూల్లో ఇలాంటిది పెట్టాలనుకునే టీచర్లు అడిగినవీ కలిపాం. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది చూసుకోండి.

ఇది ట్యూషనా, ఐటీఐనా, సమ్మర్ క్యాంపా?

మూడూ కాదు. వారానికి ఒక పూట, స్కూలు ఏడాది పొడవునా పిల్లలు అసలు పనిముట్లు పట్టుకుని వస్తువులు చేస్తారు, పాడైనవి బాగుచేస్తారు. నియమం ఒకటే: మొదలుపెట్టిన పని పూర్తవ్వాలి, దాన్ని ఎవరో ఒకరు వాడాలి. థర్మాకోల్ మోడళ్లు, చార్టులు, ఎగ్జిబిషన్ రోజున మెరిసి మర్నాడు చెత్తబుట్టలో పడే ప్రాజెక్టులు మా దగ్గర ఉండవు. అవి చాలావరకు నాన్నలే చేస్తారన్న సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఏ క్లాసు పిల్లల్ని తీసుకుంటారు?

8, 9 తరగతులు. పదో తరగతి పిల్లలు దసరా వరకు రావచ్చు, ఆ తర్వాత ఎలాగూ స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. ఏడో తరగతి వాళ్లు చూడటానికి రావచ్చు, పనిముట్లు మాత్రం ఇవ్వం.

ఏమేం నేర్పుతారు?

ఎలక్ట్రికల్, ప్లంబింగ్, వడ్రంగం, కుట్టు, బేకరీ, ప్రథమ చికిత్స. ఒక్కో పని మూడు నెలలు. కోడింగ్, రోబోటిక్స్ ఎందుకు లేవని అడుగుతుంటారు. వాటికి ఊళ్లో సెంటర్లు బోలెడు. కుళాయి వాషర్ మార్చడం నేర్పే సెంటరే లేదు.

ఎలక్ట్రికల్‌లో అందరూ ముందుగా చేసేది సీరీస్ బోర్డు. చెక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్, ఒక స్విచ్, హోల్డర్లో పాతకాలపు ఫిలమెంట్ బల్బు. బాగుచేసిన ఏ వస్తువుకైనా మొదటి కరెంటు దీని గుండానే వెళ్తుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. మంట రాదు, ఎంసీబీ (ఎక్కువ కరెంటు వస్తే ఆపేసే స్విచ్) పడిపోదు. అదే హోల్డర్లో ఎల్ఈడీ బల్బు పెడితే ఈ పని జరగదు. ఎందుకు జరగదో తెలుసుకోవడానికి ఒక పూట పడుతుంది, ఆ పూట వృథా కాదు. అసలు ఇబ్బంది ఫిలమెంట్ బల్బు దొరకడమే. ఎవరింట్లోనైనా పాత పెట్టెల్లో ఉంటే మాకు పంపండి, దండం పెడతాం.

తర్వాత ఫ్యాన్లు. "ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది" అన్నది మన ఊళ్లో ప్రతి ఎండాకాలం వినిపించే మాటే. పిల్లలు ముందు రెక్కలు విప్పి తుడుస్తారు. మోటారును చేత్తో తిప్పి బేరింగ్ పట్టేస్తోందా, గరగరమంటోందా చూస్తారు. అది బాగుంటే కెపాసిటర్, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా, విప్పుతారు. సీలింగ్ ఫ్యాన్లలో మామూలుగా ఉండేది 2.5 మైక్రోఫారడ్‌ది. కొలిచే మీటరు మల్టీమీటర్ మీద 1.6 అనో 1.7 అనో చూపిస్తే రోగం దొరికినట్టే. కొత్తది వేసి స్విచ్ నొక్కగానే గాలి తగులుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: ఇంత చిన్న డబ్బా లేకపోతే అంత పెద్ద మోటారు ఎందుకు తిరగదు సార్? సింగిల్ ఫేజ్ కరెంటు గురించి, మోటారులోని రెండు తీగ చుట్ల (వైండింగుల) గురించి అప్పుడు చెప్తే తొమ్మిదో తరగతి పిల్లకు కూడా ఎక్కుతుంది. ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పడం మన క్లాస్‌రూముల జబ్బు.

ప్లంబింగ్‌లో కుళాయి వాషర్, టెఫ్లాన్ టేపు చుట్టడం, సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు అతకడం, సంపులో బాల్ కాక్ (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే తేలే బంతి కుళాయి) మార్చడం. టేపును మర వెళ్లే వైపుకే చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే బస్తీల్లో బాల్ కాక్ విలువ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకు పొర్లితే ఇంట్లో తిట్లు వాళ్లకేగా.

కుట్టులో బటన్ కుట్టడం, ప్యాంటు కింద మడిచి హెమ్మింగ్ చేయడం, చీరకు ఫాల్ వేయడం, ఆపైన మిషన్. వడ్రంగంలో కొలత, రంపం, చిత్రిక, చివర ఒక పీట. ఆ పీట నాలుగు కాళ్లమీదా ఊగకుండా నిలబడటం చాలామందికి మొదటిసారి సాధ్యం కాదు. బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు. ఉప్పు, తీపి కలిసిన ఆ రుచి తేవాలంటే గ్రాముల్లో తూచాల్సిందే, గుప్పిళ్లు, చెంచాలు కుదరవు. ప్రథమ చికిత్సలో రక్తం ఆపడం, కాలిన గాయం మీద చల్లటి నీళ్లు పోయడం, బొమ్మ మీద సీపీఆర్ (ఆగిన గుండెను నొక్కి నడిపించే చికిత్స). నిమిషానికి 100 నుంచి 120 సార్లు గుండె మీద నొక్కాలంటే రెండో నిమిషానికే ఎంత ఆయాసం వస్తుందో అప్పుడుగానీ తెలియదు. 108 అంబులెన్స్ సేవ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆ నంబరు పిల్లలందరికీ తెలుసు. ఫోన్ చేశాక ఎక్కడున్నామో గుర్తులతో సహా చెప్పడం మాత్రం ప్రాక్టీసు చేయిస్తేనే వస్తుంది.

మా వాడు ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. టైం వేస్ట్ కాదా?

వారానికి ఒక పూట కూడా ఖాళీ లేకుండా ఉన్నాడంటే వాణ్ని మా దగ్గరికి పంపకపోయినా ఫరవాలేదు, కాస్త పడుకోనివ్వండి. ఒక పూట ఉంటే మాత్రం పంపి చూడండి. మార్కులు పెరుగుతాయని మేం మాట ఇవ్వం. పెరిగాయని చెప్పే తల్లిదండ్రులు ఉన్నారు, దానికి మా క్లబ్బే కారణమని మేం అనుకోం.

ఇవన్నీ చదువు రాని పిల్లలకేగా?

ఈ మాట పిల్లల ముందు అనకండి. మా దగ్గర క్లాస్ ఫస్ట్ పిల్లలూ ఉన్నారు, లెక్కల్లో తప్పినవాళ్లూ ఉన్నారు. పీట చేసేటప్పుడు ఎవరు ఎవరో చెప్పడం కష్టం.

మేం తాపీ పని చేసి బతుకుతున్నాం. మా పిల్లాడైనా ఆఫీసులో కూర్చోవాలని స్కూలుకు పంపితే, మీరు మళ్లీ పనిముట్లే చేతికిస్తారా?

ఇన్ని ప్రశ్నల్లో సూటిగా తగిలేది ఇదే. ఐఐటీ ప్రశ్న అడిగేవాళ్లకు సరదాగా జవాబిస్తాం కానీ, దీనికి అలా ఇవ్వలేం.

ఈ భయానికి చరిత్ర ఉంది. 1937లో వార్ధాలో గాంధీ చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచన ముందుపెట్టారు. దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, హైదరాబాద్‌లో పుట్టినవారే. ఉద్దేశం మంచిదే. తర్వాత 1953లో మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడి వేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి పని నేర్చుకోవాలంది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నాయి. చాకలి పిల్లవాడు బట్టలే ఉతకాలా, కుమ్మరి పిల్లవాడు కుండలే చేయాలా అని జనం మండిపడ్డారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ పథకం పోయింది. పోవలసిందే.

అందుకే మా క్లబ్‌లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ పిల్లకూ, ఏ పిల్లవాడికీ మొదటి ఆరు నెలలు వాళ్లింటి పని ఇవ్వం. తాపీ మేస్త్రి కొడుకు బేకరీలోనో కుట్టులోనో మొదలుపెడతాడు. టైలర్ కూతురు మల్టీమీటర్ పడుతుంది. ఇంటి పని ఎలాగూ చూసి నేర్చుకునే ఉంటారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పిల్లలు కంప్యూటర్ ముట్టుకోకుండా రంపం పడతారు కాబట్టి ఇందులో ఎవరికీ తేడా లేదు. ఇంకో మాట. మీ పిల్లవాణ్ని మేస్త్రిని చేయడానికి ఈ క్లబ్ లేదు. అలాగని మేస్త్రి పని తక్కువదని వాడికి నేర్పడానికీ లేదు. మీకు వీలైతే ఒక శనివారం రండి, ఇటుక వరస మట్టం చూసి ఎలా లేపుతారో పిల్లలకు చూపించండి. కూలి ఇస్తాం. నాన్నను మాస్టారి స్థానంలో చూసిన పిల్లవాడి ముఖం చూస్తే, ఈ జవాబులో మేం చెప్పలేనిది మీకే తెలుస్తుంది.

ఆడపిల్లలకు కరెంటు పని, మగపిల్లలకు కుట్టు అవసరమా?

అవసరమే. ఇందులో బేరం లేదు.

నేర్పేది ఎవరు?

పని చేసి బతికేవాళ్లే. పక్కన ఒక స్కూలు టీచరు ఉంటారు, చెప్పిన మాటను లెక్కతో, సైన్సుతో కలపడానికి. మెకానిక్ షెడ్లలో లాగా పిల్లలు వాళ్లను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఒక ఉస్తాద్ తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో తిట్టి మళ్లీ తెలుగులో మెచ్చుకుంటారు, పిల్లలకు మూడూ అర్థమవుతాయి.

కొత్తగా క్లబ్ పెట్టే స్కూళ్లకు ఒక సలహా. వాళ్లను "పిల్లల కోసం ఊరికే రండి" అని పిలవకండి. శనివారం మధ్యాహ్నం వదులుకుంటే వాళ్లకు సగం రోజు కూలి పోతుంది. డ్యాన్స్ మాస్టారికి ఫీజు ఇచ్చే స్కూలు ప్లంబర్‌కు శాలువా కప్పి పంపితే, పిల్లలు ఆ పాఠం కూడా నేర్చుకుంటారు.

దెబ్బలు తగలవా?

చిన్నవి తగులుతాయి. సూది గుచ్చుకోవడం, సుత్తి వేలిమీద పడటం మామూలే. పెద్దవి తగలకుండా కట్టడులు ఉన్నాయి. ఎలక్ట్రికల్‌లో మొదటి నెలంతా 12 వోల్టుల బ్యాటరీ మీదే పని. ఆ తర్వాత కూడా విప్పడం, బిగించడం అంతా ప్లగ్ తీసేశాకే. పరీక్ష పెట్టే బల్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉంటుంది, దాని స్విచ్ ఉస్తాద్ చేతిలోనే ఉంటుంది. ఫ్యాన్ కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకున్నవాళ్లు ఆ రోజుకు బయటే. గ్రైండర్, వెల్డింగ్, కట్టర్ మెషీన్ పిల్లలు చూడటానికే. హవాయి చెప్పులతో రానివ్వం. చున్నీ నడుముకు కట్టుకోవాలి, జడ పైకి ముడవాలి, చేతికి కడియాలు, గడియారాలు ఉండకూడదు.

ఏ క్లబ్‌లోనైనా చేర్చేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: ప్రమాదం జరిగితే కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడ, ఎవరు ఆపుతారు? జవాబు కోసం ఒకరి మొహం ఒకరు చూసుకుంటే పిల్లను వెనక్కి తీసుకెళ్లండి.

ఇది బాల కార్మిక చట్టానికి వ్యతిరేకం కాదా?

నేర్చుకోవడం వేరు, పని చేయించుకోవడం వేరు. ఆ గీత ఎక్కడుందో క్లబ్ నడిపేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. దానికి మినహాయింపులు చాలా తక్కువ. 14 నుంచి 18 మధ్యవాళ్లను గనుల్లో, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదు. అందుకే మేం పిల్లల్ని షాపులకు, షెడ్లకు పనికి పంపం. "మా షాపులో ప్రాక్టీసు చేయనివ్వండి" అని మంచి మనసుతో అడిగేవాళ్లున్నా సరే, వద్దంటాం. పిల్లలు చేసినవాటిని అమ్మి క్లబ్ ఖర్చులు తీసుకోవడమూ లేదు. బిస్కెట్లు అక్కడే అయిపోతాయి, ఆ సంగతి వేరు.

ప్రభుత్వం స్కూళ్లలో ఇవన్నీ పెట్టిందంటున్నారు కదా?

కొన్ని పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగ్ లేకుండా వడ్రంగి, ఎలక్ట్రీషియన్, తోటమాలి, కుమ్మరి లాంటివారి దగ్గర గడపమంది. కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద కొన్ని ప్రభుత్వ బడుల్లో 9వ తరగతి నుంచి ఒకేషనల్ (వృత్తి విద్య) సబ్జెక్టులున్నాయి. వాటి పుస్తకాలు భోపాల్‌లోని ఎన్‌సీఈఆర్‌టీ ఒకేషనల్ సంస్థ తయారుచేస్తుంది, బాగుంటాయి, చూడండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసే గదులు, 6 నుంచి 12 తరగతులకు. మీ స్కూల్లో అలాంటి ల్యాబు ఉంటే అదృష్టమే. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి, త్రీడీ ప్రింటర్ మీది కవరు చివరిసారి ఎప్పుడు తీశారో అడగండి. పరికరం అరిగిపోతే అది వాడినట్టు లెక్క.

సర్టిఫికెట్ ఇస్తారా?

ఇవ్వం. మా సంతకానికి బయట విలువ లేదు, ఉన్నట్టు నటించడం మాకిష్టం లేదు. విలువున్న కాగితం కావాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్, టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయించండి. చాలామంది తల్లిదండ్రులకు అవి ఉన్నాయనే తెలియదు.

టెన్త్ తర్వాత ఇదే దారిలో వెళ్లాలంటే?

ముందు ఒక మాట: క్లబ్‌లో ఫ్యాన్ బాగుచేయడం నచ్చినంత మాత్రాన ఎలక్ట్రీషియన్ కావాలని లేదు. నచ్చితే మాత్రం దారులు మీరు అనుకునేదానికంటే ఎక్కువే.

పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మాసబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు పేరుంది, ఆడపిల్లలకు నాంపల్లిలో కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్, ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) పరుగు వద్దనుకునే ఇంట్లో ఈ దారి గురించి ఒక్కసారైనా మాట్లాడుకోవాలి.

ఐటీఐకి 14 ఏళ్లు నిండాలి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, టెన్త్ పాసవ్వాలి. వెల్డర్ ఒక ఏడాది, ఎనిమిదో తరగతి చాలు. ఐటీఐ అంటే పాత లేత్ మెషీన్లు, కూలిన పెంకులు అనుకునేవాళ్లు మల్లేపల్లి వెళ్లి రండి. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమానికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది అక్కడే.

బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ సీఐటీడీ అంటారు, 1968 నుంచి ఉంది. టెన్త్ తర్వాత ప్రవేశ పరీక్షతో నాలుగేళ్ల టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా ఇస్తుంది. మీరు వాడే ప్రతి ప్లాస్టిక్ మూతకూ, బకెట్‌కూ ఎక్కడో ఒక మోల్డ్ (అచ్చు) చేసినవాడు ఉంటాడు. మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలిచే ఓపిక ఉన్న పిల్లలకు ఇది చూపించకుండా వదలొద్దు.

ఇంటర్‌లో ఒకేషనల్ గ్రూపులూ ఉన్నాయి. బ్రిడ్జ్ కోర్సు (మామూలు గ్రూపు సబ్జెక్టుల అదనపు పేపర్లు) రాస్తే పై చదువులకు మామూలు గ్రూపుల వాళ్లతో పాటు పోటీ పడవచ్చు. ఆ సంగతి కాలేజీలో చేరే రోజే అడిగి, రాసుకుని రండి. రెండో ఏడాదిలో తెలిసి ఏడ్చిన పిల్లల్ని చూశాం.

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్తారా?

రాణీగంజ్‌కు. పైపులు, బోల్టులు, బేరింగులు, పనిముట్లు ఒకే చోట చూడాలంటే అంతకంటే మంచి మ్యూజియం లేదు. కోఠి గుజరాతీ గల్లీకి, రెసిస్టర్లు, మాడ్యూళ్లు కొనడానికి. ప్రతి పిల్లకూ ఒక చీటీ ఇస్తాం, దాని మీద వస్తువు పేరు, కొలత ఉంటాయి. అడిగి, బేరమాడి, బిల్లు తెచ్చుకోవాలి. అరంగుళం, ముప్పావు అంగుళం తేడా చెప్పలేక షాపతని ముందు నీళ్లు నమిలిన పిల్ల మళ్లీ ఆ కొలత మర్చిపోదు. 2023లో రాయదుర్గంలో తెరిచిన, కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసే టీ-వర్క్స్‌కు కూడా వెళ్తాం, లేజర్ కట్టర్, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రం పని చేస్తుంటే చూడటానికి. చేత్తో రంపం పట్టి చెయ్యి నొప్పి పుట్టాక తీసుకెళ్తేనే ఆ యంత్రం గొప్పతనం తెలుస్తుంది. అందుకని వడ్రంగం నేర్చుకున్న పిల్లలకే ఆ ప్రయాణం.

మా స్కూల్లో మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

ఒక గది, గట్టి బల్ల, తాళం ఉన్న బీరువా, నమ్మకమైన ఉస్తాద్. అన్ని పనులూ ఒకేసారి పెట్టకండి, ఒకటి చాలు. మంచి టెస్టర్, మంచి కటింగ్ ప్లయర్, మంచి మల్టీమీటర్ కొనండి. చౌకరకం స్క్రూడ్రైవర్ మూల అరిగి జారితే పిల్ల చెయ్యి తెగుతుంది. మిగతాది పాత సామానుతో నడుస్తుంది: పాడైన మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, కాళ్లు విరిగిన కుర్చీలు. ప్రతి అపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్‌లో ఒక క్లబ్‌కు సరిపడా ఉంటాయి.

మా అమ్మాయి నెల తిరక్కుండానే ఇష్టం లేదంటోంది. బలవంతం చేయాలా?

చేతిలో ఉన్న వస్తువు పూర్తయ్యేదాకా రమ్మనండి, తర్వాత మానేయనివ్వండి. కుట్టు నచ్చక మానేసిన పిల్ల ప్లంబింగ్‌కు తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి, అసలు రానివీ ఉన్నాయి. నచ్చదని తెలియడం కూడా పద్నాలుగేళ్లకే తెలియడం మంచిది, లక్షలు కట్టాక తెలిసేకంటే.

ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

కుళాయి కారితే ప్లంబర్‌కు ఫోన్ చేసేముందు పిల్లకు ఒక పూట టైమివ్వండి. ముందు వాల్వ్ కట్టేయమనండి. కింద తడిస్తే తుడుచుకుందాం అనుకోండి.

మా ఫ్యాన్, కూలర్ పాడయ్యాయి. క్లబ్ పిల్లలు ఇంటికొచ్చి బాగుచేస్తారా?

ఇంటికి రారు, నిచ్చెన ఎక్కరు. మీరే దింపి, రెక్కలు విప్పి, దుమ్ము దులిపి శనివారం రెండింటిలోపు తెండి. విడిభాగాల ఖర్చు మీది. ఎన్ని వారాలు పడుతుందని అడగకండి, నేర్చుకునేవాళ్లు కదా. కూలర్లు మాత్రం ఫిబ్రవరిలోనే తెండి. మేలో తెస్తే స్కూలుకు సెలవులు, క్లబ్‌కు తాళం.